టెస్టులన్నీ పాస్, అయినా ఒకే సీటు ఇద్దరికి వెళ్లింది. చిన్న సర్వీసుకి ఆటోమేటిక్ టెస్టింగ్ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

గోదారిగట్టు
ట్రావెల్స్ వాళ్ల కోసం నడిపే సీట్ల బుకింగ్ సర్వీసు. పైథాన్‌లో రాశాం: ఫాస్ట్‌ఏపీఐ (వెబ్ ఫ్రేమ్‌వర్క్), ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ 2.0 (డేటాబేస్‌తో మాట్లాడే లైబ్రరీ), పోస్ట్‌గ్రెస్ 16 (డేటాబేస్). 35 ఎండ్‌పాయింట్లు, 9 టేబుళ్లు, కోడ్ రాసేది ఇద్దరం. గిట్‌హబ్‌లో ప్రైవేట్ రెపో, ఒకటే వీపీఎస్ (అద్దె సర్వర్).

ఇప్పటికి 64 టెస్టులున్నాయి. డేటాబేస్ మొత్తం మాక్ చేశాం, అంటే అసలుదాని బదులు నకిలీ పెట్టాం. 3 సెకన్లలో అన్నీ పాస్. అయినా ఒకే సీటు ఇద్దరికి బుక్ అయింది. అంతకుముందు మైగ్రేషన్‌లో (టేబుళ్ల మార్పుల్ని డేటాబేస్‌కి చేర్చే స్క్రిప్టు) ఒక కాలమ్ మర్చిపోతే టికెట్ రద్దు చేసే పేజీ 500 (సర్వర్ ఎర్రర్) ఇచ్చింది. రెండూ టెస్టుల్లో దొరకలేదు.

ఇద్దరమే ఉన్న చోట ఏ టెస్టులు ముందు రాయాలి? పుష్ చేసిన ప్రతిసారీ వాటంతటవే నడవాలంటే ఏం పెట్టాలి? వారానికి రెండు పూటలకి మించి దీనికి ఇవ్వలేం.

రాత్రిషిఫ్ట్
64లో నిజంగా డేటాబేస్‌ని తాకేవి ఎన్ని? మొత్తం మాక్ అన్నారు కాబట్టి సున్నా. మాక్‌కి మీరు ఏం నేర్పితే అదే తిరిగి అప్పజెబుతుంది. మీ రెండు బగ్గులూ డేటాబేస్ లోపల పుట్టినవి. అదే లేని చోట ఎలా దొరుకుతాయి?

పెసరట్టు86
మాక్ తీసేసి టెస్టుల్లో ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ పెట్టండి. మెమరీలో నడుస్తుంది, ఇన్‌స్టాల్ గొడవ లేదు, కనెక్షన్ స్ట్రింగ్ ఒక్కటి మారిస్తే సరి. చిన్న సర్వీసుకి ఇంతకంటే ఎందుకు?

వరంగల్_వైరింగ్
ఆ పని మాత్రం చెయ్యకున్రి. గోదారిగట్టు గారి సీటు బగ్గే ఎస్‌క్యూలైట్‌ల పట్టుబడది. ఒకరు మారుస్తుంటే ఇంకొకరు ఆగేటట్టు లాక్ కోసం విత్_ఫర్_అప్‌డేట్ రాస్తరు కదా, ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ దాన్ని ఎస్‌క్యూలైట్‌కు పంపేటప్పుడు ఆ ముక్కను సప్పుడు లేకుండ తీసేస్తది. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. టెస్ట్ పాస్ అయితది, లాక్ మాత్రం పడది.

ఇంకా ఉన్నయి. ఫారిన్ కీలు (టేబుళ్ల నడుమ లింకులు) ఎస్‌క్యూలైట్‌ల మామూలుగ ఆఫ్‌లనే ఉంటయి, ప్రతి కనెక్షన్‌కు ప్రాగ్మా (సెట్టింగ్ కమాండ్) పెట్టి ఆన్ చేసుకోవాలె. వార్‌క్యార్ 10 (10 అక్షరాల దాకనే) అని రాసిన కాలమ్‌ల 300 అక్షరాలు పెట్టినా మింగేస్తది. లైక్‌తోని వెతికితే ఇంగ్లిష్ పెద్దక్షరం చిన్నక్షరం ఒక్కటే అనుకుంటది, పోస్ట్‌గ్రెస్ అట్ల అనుకోదు. ప్రొడక్షన్‌ల ఏది నడుస్తదో టెస్టుల గూడ అదే ఉండాలె. వర్షన్ నంబరు గూడ అదే.

పెసరట్టు86
లాక్ తీసేస్తుందన్న సంగతి నాకు తెలియదు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ప్రతి టెస్టుకీ పోస్ట్‌గ్రెస్ అంటే 3 సెకన్లది 3 నిమిషాలవుతుంది. అప్పుడు ఎవరూ నడపరు.

నల్లమల
3 నిమిషాలు పట్టదు. ప్రతి టెస్టుకీ టేబుళ్లు కట్టి పడగొడితేనే నెమ్మది. కట్టడం ఒక్కసారే చెయ్యండి.

ముందు డాకర్‌లో (ప్రోగ్రాముల్ని విడివిడి కంటైనర్లలో నడిపే టూల్) పోస్ట్‌గ్రెస్ 16 ఇమేజ్. దాని డేటా డైరెక్టరీని టీఎంపీఎఫ్‌ఎస్‌లో పెడితే డిస్క్ బదులు మెమరీలో నడుస్తుంది. 16, 17 ఇమేజ్‌లలో ఆ దారి /వార్/లిబ్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్/డేటా. 18 ఇమేజ్‌లో ఆ చోటు మారింది, రేపు వర్షన్ పెంచినప్పుడు పాత దారి అలాగే ఉంచెయ్యకండి. డిస్క్‌కి రాసేదాకా ఆగే సెట్టింగులు ఎఫ్‌సింక్, సింక్రనస్_కమిట్ రెండూ ఆఫ్ చెయ్యండి. మధ్యలో ఆగిపోతే డేటా పాడవుతుంది, టెస్టు డేటాయే కాబట్టి నష్టం లేదు. ఆ ఎఫ్‌సింక్ లైను ప్రొడక్షన్ ఫైల్లోకి మాత్రం పొరపాటున కూడా వెళ్లకూడదు.

పైటెస్ట్ (టెస్టులు నడిపే టూల్) చదివే కాన్ఫ్‌టెస్ట్ ఫైల్లో సెషన్ స్కోప్‌తో, అంటే మొత్తానికి ఒక్కసారే నడిచేలా, ఒక ఫిక్స్‌చర్ (టెస్టుకి కావాల్సింది సిద్ధం చేసే ఫంక్షన్) రాసి, ఖాళీ డేటాబేస్ మీద అలెంబిక్ (మైగ్రేషన్ల టూల్) అప్‌గ్రేడ్ హెడ్ నడపండి. మెటాడేటా క్రియేట్_ఆల్ వాడొద్దు. అది మోడల్స్ (కోడ్‌లో రాసిన టేబుళ్ల వర్ణన) చూసి టేబుళ్లు కడుతుంది. ప్రొడక్షన్‌లో కట్టేది మాత్రం మైగ్రేషన్లు. మీ కాలమ్ బగ్ ఈ సందులోంచే జారింది. అలెంబిక్ 1.9 నుంచి 'అలెంబిక్ చెక్' అనే కమాండ్ ఉంది, మోడల్‌కీ మైగ్రేషన్‌కీ తేడా కనపడితే ఫెయిల్ అవుతుంది. సీఐలో (పుష్ చేసినప్పుడల్లా టెస్టులు నడిపే ఏర్పాటు) ఒక్క లైను.

ఇక ఒక్కో టెస్టుకి: కనెక్షన్ తెరిచి ట్రాన్సాక్షన్ మొదలుపెట్టాలి, సెషన్‌ని ఆ కనెక్షన్‌కి కట్టాలి, టెస్ట్ అవగానే రోల్‌బ్యాక్, అంటే రాసిందంతా వెనక్కి. మీ కోడ్ మధ్యలో కమిట్ (శాశ్వతంగా రాయడం) చేస్తుంది కదా, అది నిజం కమిట్ కాకుండా ఉండాలంటే సెషన్‌కి జాయిన్_ట్రాన్సాక్షన్_మోడ్ దగ్గర క్రియేట్_సేవ్‌పాయింట్ ఇవ్వాలి. లోపలి కమిట్ సేవ్‌పాయింట్ దగ్గరే ఆగిపోతుంది, బయటి రోల్‌బ్యాక్ అంతా తుడిచేస్తుంది.

ఆ సెషన్ యాప్‌కి అందాలంటే డిపెండెన్సీ_ఓవర్‌రైడ్స్‌లో మీ గెట్_డీబీ (సెషన్ ఇచ్చే ఫంక్షన్) స్థానంలో దీన్ని పెట్టండి. టెస్ట్ అయ్యాక ఆ డిక్షనరీ ఖాళీ చెయ్యడం మర్చిపోతే తర్వాతి టెస్టుకి మూసేసిన సెషన్ అందుతుంది. అప్పుడు తప్పు ఒకచోట, ఎర్రర్ ఇంకోచోట.

ఇలా చేస్తే టేబుళ్లు కట్టడానికి మొదట రెండు మూడు సెకన్లు పోతాయి, ఆ తర్వాత ఒక్కో టెస్టుకి మిల్లీసెకన్ల లెక్కే.

మిరపతోట
దానికి టెస్ట్‌క్లయింట్ (టెస్టులోంచి యాప్‌కి రిక్వెస్టులు పంపే ఫాస్ట్‌ఏపీఐ సాధనం) చిక్కులు మూడు కలుపుతున్నా. యాప్ మొదలయ్యేటప్పుడు ఏదైనా లోడ్ చేస్తుంటే టెస్ట్‌క్లయింట్‌ని విత్ బ్లాకులో తెరవాలి, లేకపోతే లైఫ్‌స్పాన్ కోడ్ నడవదు. రెండు, సర్వర్‌లో ఎక్సెప్షన్ వస్తే మీకు 500 రాదు, ఆ ఎక్సెప్షనే నేరుగా టెస్టులోకి వచ్చి పడుతుంది. 500 జవాబు ఎలా ఉందో చూడాలంటే రైజ్_సర్వర్_ఎక్సెప్షన్స్‌ని ఫాల్స్ చెయ్యాలి. మూడు, బ్యాక్‌గ్రౌండ్ టాస్కులు పూర్తయ్యాకే టెస్ట్‌క్లయింట్ మీకు జవాబు ఇస్తుంది. కాబట్టి "మెసేజ్ వెళ్లిందా" అని స్లీప్ పెట్టి ఎదురుచూడక్కర్లేదు.

రాత్రిషిఫ్ట్
ఏవి ముందు రాయాలన్నదానికి ఎవరూ జవాబు చెప్పలేదు. 35 ఎండ్‌పాయింట్లకీ రాయకండి. డబ్బు కదిలేవి, సీటు కదిలేవి, టికెట్ రద్దు, లాగిన్. ఇవి ఏడో ఎనిమిదో ఉంటాయి. ఒక్కోదానికి సవ్యంగా జరిగే దారి ఒకటి, తిరస్కరించాల్సిన దారులు రెండు మూడు. పాతిక ముప్పై టెస్టులు. అన్నీ హెచ్‌టీటీపీ గుండానే వెళ్లాలి, లోపలి ఫంక్షన్లని విడిగా పిలవకండి. అప్పుడు లోపలి కోడ్ ఎంత తిరగరాసినా టెస్టులు మార్చే పని ఉండదు.

ఒకరి టికెట్‌ని ఇంకొకరు రద్దు చెయ్యబోతే 403 (అనుమతి లేదు) గానీ 404 (దొరకలేదు) గానీ రావాలి. ఈ ఒక్క టెస్టూ చాలా చోట్ల ఉండదు.

గోదారిగట్టు
నల్లమల గారు చెప్పినట్టు పెట్టాం. పాత 64 పక్కన ఉంచి కొత్తవి 11 రాశాం, మొత్తం 4 సెకన్లు. మూడు చోట్ల ఇరుక్కున్నాం.

ఒకటి, బుకింగ్ ఐడీ 1 రావాలని చూసే టెస్టు ఒంటరిగా పాస్, గుంపులో ఫెయిల్. రెండు, కొత్త బుకింగ్ జాబితాలో పైన ఉండాలన్న టెస్టు ఒకసారి పాస్ అవుతుంది, ఒకసారి ఫెయిల్ అవుతుంది. మూడు, అసలు సమస్య: ఇద్దరు ఒకేసారి ఒకే సీటు అడిగే టెస్టు ఎంత రాసినా కుదరడం లేదు.

రాత్రిషిఫ్ట్
మొదటిది: పోస్ట్‌గ్రెస్ సీక్వెన్స్ (ఐడీ నంబర్లు ఇచ్చేది) రోల్‌బ్యాక్ అవదు. రాసిన వరుస వెనక్కి పోయినా నంబరు ముందుకే పోతుంది. ఐడీ ఎంత అని చూడకండి, జవాబులో వచ్చిన ఐడీతో మళ్లీ అడిగి అదే బుకింగ్ వస్తుందా చూడండి.

నల్లమల
రెండోది నౌ() వల్ల. పోస్ట్‌గ్రెస్‌లో నౌ() అంటే ఇప్పటి సమయం కాదు, ట్రాన్సాక్షన్ మొదలైన సమయం. మీ టెస్ట్ మొత్తం ఒకటే ట్రాన్సాక్షన్ కాబట్టి అన్ని బుకింగులకీ ఒకే క్రియేటెడ్_ఎట్ పడుతుంది, ఏది ముందు వస్తుందో చెప్పలేం. టెస్టులో సమయాలు మీరే ఇవ్వండి. కోడ్‌లో కూడా ఆర్డర్ బై దగ్గర సమయం పక్కన ఐడీ చేర్చండి. ఎందుకంటే ప్రొడక్షన్‌లోనూ ఒక కుటుంబం నాలుగు సీట్లు ఒకే ట్రాన్సాక్షన్‌లో తీసుకుంటే నాలుగింటికీ ఒకే సమయం పడుతుంది. ఆ టెస్ట్ ఊరికే తడబడటం లేదు, ఉన్న బగ్గునే చూపిస్తోంది.

వరంగల్_వైరింగ్
మూడోది నేను చెప్త. రోల్‌బ్యాక్ ఫిక్స్‌చర్‌ల అది కుదరది, ఎందుకంటే ఇద్దరు ప్రయాణికులు గూడ ఒకటే కనెక్షన్ మీద కూసున్నరు. వేరే వేరే కనెక్షన్లు గావాలె, నిజం కమిట్లు గావాలె. ఆ ఒక్క టెస్టుకు వేరే ఫిక్స్‌చర్ రాసి, అయిపోయినంక టేబుళ్లు ట్రంకేట్ చేసి ఖాళీ చెయ్యున్రి.

లోపల రెండు థ్రెడ్లు (ఒక్కసారే నడిచే పనులు). థ్రెడింగ్ బ్యారియర్‌కు 2 ఇచ్చి, ఇద్దరు దాని దగ్గర ఆగి ఒక్కసారే దూకేటట్టు పెట్టున్రి. అది లేకపోతే మొదటిది అయిపోయినంక రెండోది పోతది, పోటీనే ఉండది. చూడాల్సింది: ఒకరికి 201 (బుక్ అయ్యింది), ఇంకొకరికి 409 (సీటు పోయింది), టేబుల్‌ల వరుస ఒక్కటే. ఒక్కసారి నడిపితే చాలదు, లూప్‌ల పెట్టి 50 సార్లు నడపున్రి.

ఇగ కోడ్ సంగతి. నా అంచనా ఏందంటే మీరు "ఈ సీటుకు బుకింగ్ ఉన్నదా" అని బుకింగ్స్ టేబుల్‌ల చూసి, లేకపోతే ఇన్సర్ట్ చేస్తున్నరు. అట్లయితే ఫర్ అప్‌డేట్ పెట్టినా దండగే. లేని వరుసకు లాక్ ఎట్ల పడతది? ఇద్దరికీ "లేదు" అనే జవాబొస్తది, ఇద్దరూ రాసేస్తరు. ట్రిప్_ఐడీ, సీటు_నంబరు మీద యూనిక్ ఇండెక్స్ (అదే జతను రెండోసారి రాయనియ్యదు) పెట్టున్రి, రెండో ఇన్సర్ట్‌కు వచ్చే ఇంటెగ్రిటీఎర్రర్‌ను పట్టి 409 ఇయ్యున్రి.

పెసరట్టు86
రద్దయిన సీటు మళ్లీ అమ్మాలి కదా? యూనిక్ పెడితే పాత వరుస అడ్డొస్తుంది.

వరంగల్_వైరింగ్
పార్షియల్ ఇండెక్స్. చివర్ల వేర్ పెట్టి "రద్దు కానివాటికే" అని రాయాలె. పోస్ట్‌గ్రెస్‌ల ఉన్నది. రద్దు చేసినంక అదే సీటు ఇంకొకరికి దొరుకుతుందా అని గూడ ఒక టెస్ట్ రాయాలె మరి.

కందిపొడి
బస్టాండులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకుంటాం చూడండి, యూనిక్ ఇండెక్స్ అంటే డేటాబేస్ వేసే తువ్వాలు. ముందు చూసి తర్వాత కూర్చుందాం అనుకునే లోపల ఇంకొకరి తువ్వాలు పడిపోతుంది.

కోడ్‌కాకినాడ
పుష్ చేసినప్పుడల్లా నడవడం గురించి. సీఐకి గిట్‌హబ్ యాక్షన్స్ చాలు మీకు. ఒక వర్క్‌ఫ్లో, ఒక జాబ్, అంతే. ఉచిత ప్లాన్‌లో ప్రైవేట్ రెపోలకి నెలకి 2,000 నిమిషాలు వస్తాయి. ఒక్కో జాబ్‌ని పై నిమిషానికి లెక్క కడతారు. 20 సెకన్ల పనిని అయిదు జాబులుగా చీలిస్తే 5 నిమిషాలు పోతాయి. అందుకే ఒకటే జాబ్.

అందులో వరస: చెకౌట్, పైథాన్ సెటప్, ప్యాకేజీలు, అలెంబిక్ అప్‌గ్రేడ్, అలెంబిక్ చెక్, పైటెస్ట్. పోస్ట్‌గ్రెస్‌ని సర్వీసెస్ కింద పెట్టండి. అందరూ తడబడే చోట్లు ఇవి.

పైథాన్ వర్షన్ 3.10 అయితే కొటేషన్లలో రాయాలి. లేకపోతే యామల్ (వర్క్‌ఫ్లో ఫైలు రాసే ఫార్మాట్) దాన్ని దశాంశ సంఖ్య అనుకుని 3.1 చేస్తుంది, అలాంటి పైథాన్ దొరకలేదంటుంది.

పోస్ట్‌గ్రెస్ కంటైనర్ మొదలవడం వేరు, కనెక్షన్లు తీసుకోవడం వేరు. హెల్త్ కమాండ్‌గా పీజీ_ఈజ్‌రెడీ ఇచ్చి, 10 సెకన్లకోసారి, 5 సార్లు చూడమనండి. అది లేకపోతే మొదటి టెస్టే కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటుంది, అదీ ఎప్పుడో ఒకసారి.

జాబ్ నేరుగా రన్నర్ (గిట్‌హబ్ ఇచ్చే మెషీన్) మీద నడిస్తే హోస్ట్ పేరు లోకల్‌హోస్ట్, 5432 పోర్టు మ్యాప్ చెయ్యాలి. జాబే ఒక కంటైనర్‌లో నడిస్తే హోస్ట్ పేరు సర్వీసుకి మీరు పెట్టిన పేరు. ఒకచోట చూసి ఇంకోచోట కాపీ చేసేవాళ్లు ఇక్కడ పూట పోగొట్టుకుంటారు.

పైటెస్ట్ అవుట్‌పుట్‌ని పైపుతో టీ కమాండ్‌కి పంపి ఫైల్లో దాచుకుంటుంటే జాగ్రత్త. షెల్ ఏదో రాయకపోతే యాక్షన్స్ బాష్‌ని పైప్‌ఫెయిల్ (పైపులో ఏ కమాండ్ ఫెయిల్ అయినా ఫెయిల్ అనే సెట్టింగ్) లేకుండా నడుపుతుంది. పైటెస్ట్ ఫెయిల్ అయినా టీ సవ్యంగా ముగిసింది కాబట్టి జాబ్ ఆకుపచ్చగా ఉంటుంది. షెల్: బాష్ అని రాస్తే పైప్‌ఫెయిల్ వస్తుంది.

టైమౌట్-మినిట్స్ 10 పెట్టండి. పెట్టకపోతే జాబ్ 360 నిమిషాల దాకా వేలాడొచ్చు. లాక్ కోసం ఎదురుచూస్తూ ఆగిపోయిన టెస్టు ఒక్కటి చాలు, మీ నెల కోటాలో ఆరోవంతుకి పైగా పోతుంది.

మిరపతోట
ఫైలు పేర్లు కూడా చూడండి. పైటెస్ట్ మామూలుగా టెస్ట్_ తో మొదలయ్యేవి, _టెస్ట్ తో ముగిసేవి మాత్రమే ఏరుతుంది. టెస్ట్స్_బుకింగ్ అని ఒక ఎస్ ఎక్కువ పడితే ఆ ఫైలు ఉన్నట్టే తెలియదు. అసలు ఒక్క టెస్టూ దొరక్కపోతే ఎగ్జిట్ కోడ్ 5తో ఫెయిల్ చేస్తుంది. మిగతా ఫైళ్లు ఉంటే ఏమీ అనదు. కొత్త ఫైలు చేర్చాక మొత్తం సంఖ్య పెరిగిందా చూసుకోవాలి.

గోదారిగట్టు
టెస్ట్ ఫెయిల్ అయితే మర్జ్ ఆపాలి కదా, ఆ సెట్టింగ్ మా రెపోలో పనిచెయ్యడం లేదు.

కోడ్‌కాకినాడ
ఉచిత ప్లాన్‌లో ప్రైవేట్ రెపోలకి బ్రాంచ్ ప్రొటెక్షన్ లేదు. డబ్బు కట్టే ప్లాన్ అన్నా తీసుకోవాలి, లేదా డిప్లాయ్‌ని అదే వర్క్‌ఫ్లోలో టెస్టు జాబ్ పాస్ అయ్యాకే నడిచేలా నీడ్స్ పెట్టి ఉంచాలి. మర్జ్ అయినా సరే, టెస్ట్ ఫెయిల్ అయితే సర్వర్‌కి వెళ్లదు. ఇద్దరికి ఇది చాలు. వీపీఎస్‌లోకి చేతితో లాగిన్ అయి గిట్ పుల్ కొట్టడం మాత్రం ఈ రోజు నుంచే ఆపెయ్యాలి, లేకపోతే ఈ కాపలా అంతా వృథా.

సాగరఘోష
మీది బస్సుల సర్వీసు. తేదీల టెస్టులు లేకపోతే మళ్లీ ఇదే చోటికి వస్తారు. మీ ల్యాప్‌టాప్ ఐఎస్‌టీ, యాక్షన్స్ రన్నర్ యూటీసీ (మనకంటే అయిదున్నర గంటలు వెనక). రాత్రి 12 నుంచి తెల్లవారి 5:30 దాకా మన తేదీకీ యూటీసీ తేదీకీ ఒక రోజు తేడా. విజయవాడ నుంచి రాత్రి 12:45కి బయల్దేరే బస్సుకి 12:20కి టికెట్ తీస్తే యూటీసీ మెషీన్‌లో డేట్.టుడే నిన్నటి తేదీ ఇస్తుంది, ఆ బస్సు రేపటిదని చూపిస్తుంది.

టైమ్‌మెషీన్ లేదా ఫ్రీజ్‌గన్ అనే లైబ్రరీతో గడియారాన్ని నాలుగు చోట్ల ఆపి నడపండి: 23:59, 00:01, 05:29, 05:31, అన్నీ ఐఎస్‌టీలో. అవి పైథాన్ గడియారాన్నే ఆపుతాయి, పోస్ట్‌గ్రెస్ నౌ() మాత్రం నిజం సమయమే చెబుతుంది. పైథాన్ సగం, డేటాబేస్ సగం సమయం చూసే కోడ్ ఉంటే ఈ టెస్టుల్లో వింతగా ఫెయిల్ అవుతుంది. సమయం తెచ్చే ఫంక్షన్ ఒకటే పెట్టుకుని అంతా దాన్నే అడగడం మేలు.

డల్లాస్‌దోసె
ఐఎస్‌టీ ఎండాకాలం, చలికాలం అని గంట మారదు కాబట్టి మీరు అదృష్టవంతులు. అమెరికా సమయాలతో పనిచేసేవాళ్లు మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం రెండు టెస్టులు తప్పక పెట్టుకోవాలి. మొదటి రోజున తెల్లవారుజామున 2:30 అనే సమయమే ఉండదు, రెండో రోజున 1:30 రెండుసార్లు వస్తుంది.

ఉడతాభక్తి
ప్రయాణికుల పేర్లు తెలుగులో తీసుకుంటారా? తీసుకుంటే టెస్టు డేటాలో జాన్, టెస్ట్1 లాంటివి తీసేసి ఇవి పెట్టండి.

లక్ష్మీనారాయణమ్మ. కంటికి ఏడు అక్షరాలు, పైథాన్‌కీ పోస్ట్‌గ్రెస్ వార్‌క్యార్‌కీ 16 (గుణింతపు గుర్తులు, పొల్లులు విడిగా లెక్క), యూటీఎఫ్-8లో 48 బైట్లు. పేరు 15కి పరిమితం చేస్తే ఈమెకి టికెట్ రాదు. టికెట్ మీద స్థలం లేదని మొదటి 5 తీసుకుంటే "లక్ష్" దగ్గర తెగుతుంది.

శైలజ. ఐత్వాన్ని ఒకే కోడ్‌గా రాయొచ్చు, ఎత్వం కోడ్, ఐత్వపు గుర్తు కోడ్ అని రెండుగా విడగొట్టీ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకటే, పోల్చితే వేరు. దాచేముందు ఎన్‌ఎఫ్‌సీకి (యూనికోడ్‌లో అన్నిటినీ ఒకే రూపానికి తెచ్చే పద్ధతి) మార్చాలి. రెండు రకాలుగా పంపి ఒకే మనిషి దొరుకుతోందా చూడండి.

లక్ష్మణ్‌రావు. మధ్యలో కనపడని జడ్‌డబ్ల్యూఎన్‌జే (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) ఉంటుంది. అది లేకుండా టైప్ చేసి వెతికితే దొరకడు. ఎన్‌ఎఫ్‌సీ దాన్ని తియ్యదు. వెతకడానికి వేరే కాలమ్ పెట్టి అందులో తీసేసి దాచండి, చూపించే పేరులో ఉంచండి.

ఇంకోటి, ఫోన్ నంబరు తెలుగు అంకెల్లో కొట్టినా పైథాన్ ఈజ్‌డిజిట్ ఒప్పుకుంటుంది, రెగెక్స్‌లో అంకె గుర్తు కూడా ఒప్పుకుంటుంది. పైడాంటిక్ 2లో (ఫాస్ట్‌ఏపీఐ వాడే డేటా తనిఖీ లైబ్రరీ) ప్యాటర్న్ ఇచ్చినా అంతే. డేటాబేస్‌లోకి అలాగే వెళ్లిపోతుంది. 0-9 అని అంకెల పరిధి విడిగా రాయాలి, మొదటి అంకెకి 6-9.

కందిపొడి
ఉడతాభక్తి గారి జాబితాకి ఎస్‌ఎంఎస్ కలపండి. ఇంగ్లిష్ మెసేజ్ 160 అక్షరాలు, మధ్యలో ఒక్క తెలుగు అక్షరం పడినా మొత్తం మెసేజ్ 70కి పడిపోతుంది. అంతకు మించితే ముక్కకి 67. ఇంగ్లిష్ టెంప్లేట్‌లో ప్రయాణికుడి పేరు తెలుగులో పెడితే ఒక మెసేజ్ ఖర్చు రెండో మూడో అవుతుంది. అతి పొడవైన పేరు, అతి పొడవైన ఊరు పేరు పెట్టి ఎన్ని ముక్కలవుతుందో లెక్కించే టెస్టు రాయండి. తయారైన మెసేజ్ డీఎల్‌టీలో (ఎస్‌ఎంఎస్ టెంప్లేట్ల నమోదు వేదిక) నమోదు చేసిన టెంప్లేట్‌తో సరిపోతోందా అని ఇంకొకటి. ఒక చుక్క తేడా వచ్చినా మెసేజ్ ఆగిపోవచ్చు.

ఛార్జీల గుండ్రం లెక్క కూడా చూసుకోండి. 450 రూపాయల ఏసీ టికెట్ మీద 5 శాతం జీఎస్‌టీ 22.50. రూపాయికి సవరిస్తే పైథాన్ రౌండ్ 22 అంటుంది, పోస్ట్‌గ్రెస్ న్యూమరిక్ రౌండ్ 23 అంటుంది. పైథాన్ సగం దగ్గర సరిసంఖ్య వైపు పోతుంది. 470 టికెట్‌కి 23.50, అక్కడ రెండూ 24. కాబట్టి 470తో టెస్టు రాసినవాళ్లకి ఎప్పటికీ తెలియదు. డెసిమల్ వాడి రౌండ్_హాఫ్_అప్ అని స్పష్టంగా రాసి, లెక్క ఒకేచోట చెయ్యండి. టెస్టుకి 450, 470, 490 మూడూ ఇవ్వండి.

మిరపతోట
పేమెంట్ వెబ్‌హుక్ (డబ్బు పడగానే పేమెంట్ కంపెనీ మీ సర్వర్‌కి పంపే కబురు) ఉందా? రేజర్‌పే అయితే సంతకం (కబురు అసలైనదేనని చూపే కోడ్) వచ్చిన బాడీ బైట్ల మీదే లెక్క కట్టాలి. జేసన్‌ని విప్పి మళ్లీ డంప్స్‌తో టెక్స్ట్ చేసి లెక్కకడితే ఖాళీలు మారతాయి, పైగా పైథాన్ తెలుగు అక్షరాల్ని బ్యాక్‌స్లాష్ యూ కోడ్‌లుగా మార్చేస్తుంది, సంతకం సరిపోదు. టెస్టులో కూడా పేలోడ్‌ని మీ డంప్స్‌తోనే తయారుచేస్తే రెండువైపులా అదే తప్పు కాబట్టి పాస్ అవుతుంది. పేలోడ్‌ని బైట్లుగా ఒక ఫైల్లో దాచుకుని అదే పంపండి.

రాయాల్సినవి నాలుగు: సరైన సంతకం, తప్పు సంతకం, ఒకే ఈవెంట్ రెండుసార్లు, సీటు గడువు దాటాక వచ్చిన పేమెంట్. మూడోదానికి టికెట్ ఒక్కటే రావాలి. మొత్తం పైసల్లో వస్తుందని కూడా గుర్తుంచుకోండి, 450 రూపాయలంటే 45000.

రాత్రిషిఫ్ట్
టెస్టులు పొరపాటున కూడా బయటి సర్వర్లని తాకకుండా పైటెస్ట్-సాకెట్ పెట్టి నెట్‌వర్క్ మూసెయ్యండి. సైకోపీజీ2 అనే పోస్ట్‌గ్రెస్ డ్రైవర్ సీ లైబ్రరీ గుండా వెళ్తుంది కాబట్టి డేటాబేస్ ఆగదు. ఏసింక్‌పీజీ అయితే ఆగుతుంది, 127.0.0.1ని అనుమతించాలి.

కోడ్‌కాకినాడ
కవరేజ్ (టెస్టుల్లో నడిచిన కోడ్ వాటా) 80 శాతం కంటే తగ్గితే ఫెయిల్ చెయ్యమని కూడా పెట్టుకోండి.

రాత్రిషిఫ్ట్
దీంతో నేను ఏకీభవించను. వాళ్ల పాత 64 టెస్టులకి కవరేజ్ ఎంత ఉండేదో ఊహించండి. లైను నడిచిందని చెబుతుందే గానీ, జవాబు ఎవరైనా సరిచూశారా అన్నది చెప్పదు. గీత పెడితే ఆ గీత దాటడానికి పనికిమాలిన టెస్టులు పుడతాయి.

కోడ్‌కాకినాడ
సంఖ్యని లక్ష్యంగా పెట్టుకోవద్దన్నంతవరకు సరే. కానీ బుకింగ్, పేమెంట్ ఫైళ్లు రెండింటికీ బ్రాంచ్ కవరేజ్ రిపోర్ట్ తెరిచి ఎర్రగీతలు చూస్తే, రీఫండ్ ఎల్స్ కొమ్మకి ఎవరూ వెళ్లలేదని తెలుస్తుంది. అంతమేరకు వాడండి. ఫెయిల్ చేసే గీత వద్దు, నా మాట సవరిస్తున్నా.

నల్లమల
దానికంటే నమ్మకమైన పద్ధతి: టెస్ట్ రాశాక కోడ్‌ని కావాలని పాడుచెయ్యండి. పెద్దది గుర్తుని చిన్నది చెయ్యండి, ఒక ఇఫ్ తీసెయ్యండి, ఇండెక్స్ డ్రాప్ చెయ్యండి. టెస్ట్ ఎర్రబడాలి. ఎర్రబడకపోతే అది దేన్నీ కాయడం లేదు.

పాత 64 గురించి: ఛార్జీ లెక్క, సీటు లేఅవుట్ లాంటి శుద్ధ లెక్కల టెస్టులు ఉంచండి, వాటికి డేటాబేస్ అక్కర్లేదు. "మాక్‌ని ఒకసారి పిలిచారా" అని మాత్రమే చూసేవి తీసెయ్యండి.

సాగరఘోష
పైటెస్ట్-రాండమ్లీ పెట్టి వరస కలగలిపి నడపండి. ఒకదాని మీద ఒకటి ఆధారపడిన టెస్టులు మొదటి వారంలోనే బయటపడతాయి. ఫెయిల్ అయినప్పుడు సీడ్ నంబరు పైన కనపడుతుంది, అదే నంబరు ఇచ్చి మళ్లీ అదే వరసలో నడపొచ్చు. ఫెయిలైన టెస్టుని మళ్లీ నడిపే రీట్రై ప్లగిన్ మాత్రం పెట్టకండి, సీటు బగ్ లాంటివి దాని కిందే దాక్కుంటాయి.

గోదారిగట్టు
వరంగల్_వైరింగ్ గారి అంచనా నిజం. బుకింగ్ ఉందా అని చూసి ఇన్సర్ట్ చేస్తున్నాం, ఫర్ అప్‌డేట్ కూడా ఉంది, లేని వరుస మీద. ఇండెక్స్ పెట్టకముందు ఆ టెస్టు 50లో 37 సార్లు ఫెయిల్. పెట్టాక 50కి 50 పాస్. నల్లమల గారు చెప్పినట్టు ఇండెక్స్ తీసి చూశాం, మళ్లీ ఎర్రబడింది.

ఇప్పుడు కొత్తవి 29 టెస్టులు, 6 సెకన్లు, యాక్షన్స్‌లో మొత్తం నిమిషంన్నర. పాతవాటిలో 19 ఉంచాం. 450 రూపాయల టెస్టు మొదటిసారే ఫెయిల్ అయింది, బిల్లులో 22, రిపోర్టులో 23. వెబ్‌హుక్ రేపు రాస్తాం.

ఒక్కటి మిగిలింది. డిప్లాయ్ తర్వాత చివర్లో కర్ల్‌తో (రిక్వెస్ట్ పంపే కమాండ్) /హెల్త్ (సర్వీసు బాగుందా చెప్పే పేజీ) అడుగుతున్నాం. నిన్న ఎన్విరాన్‌మెంట్ ఫైల్లో పాస్‌వర్డ్ తప్పు పడి అది 500 ఇస్తున్నా జాబ్ ఆకుపచ్చగానే ఉంది.

కోడ్‌కాకినాడ
కర్ల్‌కి 500 కూడా జవాబే, ఎగ్జిట్ కోడ్ 0 ఇస్తుంది. -ఎఫ్ చేర్చండి, 400 నుంచి పైన ఏది వచ్చినా ఫెయిల్ అవుతుంది. సర్వీసు లేవడానికి కొన్ని సెకన్లు పడుతుంది కాబట్టి రీట్రై 5, రీట్రై-కన్‌రెఫ్యూజ్డ్ కూడా. /హెల్త్ లోపల సెలెక్ట్ 1 నడుస్తోంది కదా?

గోదారిగట్టు
నడుస్తోంది. -ఎఫ్ పెట్టి, పాస్‌వర్డ్ కావాలని తప్పు ఇచ్చి చూశాం. ఎర్రబడింది.

మిరపతోట
రేపు వెబ్‌హుక్ పేలోడ్‌లో ప్రయాణికుడి పేరు తెలుగులో ఉన్నదే పెట్టండి. ఇంగ్లిష్ పేరుతో ఆ సంతకం చిక్కు సగమే బయటపడుతుంది.